మూడు చుక్కల కొడవలి

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. వీధిలో చేపలబుట్ట పోతుంటే మా నాయనమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. అలాంటి ఇంటివాళ్ళం మార్కాపురంలో తాతల కాలం నుంచీ అమ్మింది మేకపోతుల తలలు నరికే కొడవళ్ళు. దీని మీద ఎవరైనా వేళాకోళం చేస్తే నాకు ఒళ్ళు మండేది. "తినేది మీరు, అమ్మేది మేము. మధ్యలో మీకేంది నొప్పి?" అని మొహం మీదే అడిగేదాన్ని. నా నోటికి జడిసి కొందరు మా అన్న కొట్లో ఉండే వేళ చూసుకుని వచ్చేవాళ్ళు. అయితే ఏం, కొట్టు నడిచింది నా నోటితో, ఆ కొడవళ్ళతోనే.

మాది ఇనుప సామాన్ల కొట్టు. పారలు, గడ్డపారలు, మేకులు, గొలుసులు, తాళాలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. వేటకొడవలి మాత్రం మా దగ్గరే. మా వైపు పల్లెల్లో అమ్మవారికి కొలుపులు చేసేటప్పుడు మొక్కుకున్న పోతు మెడ ఒక్క వేటుకు తెగాలి. రెండో వేటు పడిందంటే ఊరికి కీడని నమ్మకం. అందుకని నరికేవాడు మంచి కొడవలి కోసం ఎంత దూరమైనా వస్తాడు. వెలిగండ్ల నుంచి, త్రిపురాంతకం నుంచి, గిద్దలూరు అవతలి నుంచి బస్సెక్కి వచ్చి, మిగతా కొట్లన్నీ దాటుకుని మా గడప ఎక్కేవాళ్ళు. పిడి దగ్గర మూడు చుక్కల ముద్ర ఉందా లేదా అని వేలితో తడిమి చూసి, ఇంకేమీ అడగకుండా పాత పేపర్లో చుట్టించుకుని పోయేవాళ్ళు.

వాటిని చేసేది పెద్దారవీడు దగ్గర ఒక పల్లెలో ఉండే ఆచారి. మా నాయనకంటే కొంచెం పెద్ద. నేను మావా అనేదాన్ని, నాకు ముప్పై దాటినా ఆయన నన్ను పాపా అనేవాడు. మా రెండిళ్ళ మధ్య కాగితం ఏమీ లేదు, ఉన్నదంతా మాటే. ఆయన మా కొట్టుకు తప్ప ఎవరికీ వేటకొడవలి చెయ్యడు, మేము ఇంకెవరి కొడవలినీ కొట్లోకి రానివ్వం. లారీ షెడ్లలో విరిగిన కమాను పట్టీలను నాయనే ఏరి ఆయనకు పంపేవాడు. కొనేవాళ్ళ మాటలు కూడా నాయనే మోసుకుపోయేవాడు. "వెలిగండ్లోళ్ళు ముందు పక్క బరువు చాల్లేదంటున్నారు ఆచారీ. గిద్దలూరోళ్ళకు పిడి పొడుగు కావాలంట" అని చెప్పేవాడు. ఆచారి ముందు తిట్టేవాడు, "నరికేది చేతగాక పిడి మీద పెడతన్నారు నా కొడుకులు" అని. తర్వాత వచ్చే సరుకులో మాత్రం అడిగినట్టే ఉండేది. ఏ ఊరి కొడవళ్ళు ఆ ఊరికని మా గోడ మీద వేరువేరుగా వేలాడేవి.

వాళ్ళిద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. తెలియనివాళ్ళు చూస్తే పోట్లాట అనుకునేవాళ్ళు. ముద్ర కొట్టే ఉలి ఆచారి దగ్గర ఉండదు, నాయన సంచిలో ఉంటుంది. సరుకు తయారైందని ఫోను రాగానే నాయన కొలిమి దగ్గరికి పోయి, ఒక్కో కొడవలినీ ఎండిన తుమ్మ మొద్దు మీద బలం కొద్దీ వేసి చూసేవాడు. అంచు నిలిస్తే పిడి దగ్గర మూడు చుక్కలు కొట్టేవాడు. అంచు రాలినా, ఒంగినా, దాన్ని కొలిమి పక్కనుండే ఇనుప దిమ్మ, దాగలి మీద పెట్టి సమ్మెటతో రెండు ముక్కలు చేసేవాడు. చేసినవాడి కళ్ళెదుటే, చేసినవాడి సమ్మెటతోనే. ఆ ముక్కలను ఆచారి కాళ్ళ దగ్గరికి విసిరేవాడు కూడా. ఆచారి నోరారా ఒక బూతు తిట్టి, ముక్క తీసి విరిగిన చోట చూసుకుని, మళ్ళీ నిప్పుల్లోకి తోసేవాడు. కాసేపటికి ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్ళు. చిన్నప్పుడు నాయన వెంట పోయినప్పుడల్లా ఆ సమ్మెట దెబ్బకు నేను చెవులు మూసుకునేదాన్ని.

ముద్ర పడిన కొడవలి సంగతి వేరు. దాన్ని నాయన ఏనాడూ విరగ్గొట్టలేదు. "ముద్ర ఏసినాక అది నా మాట. నా మాట నేనే ఎట్ల ఇరగ్గొట్టుకునేది?" అనేవాడు. ఆ పట్టుదలే మా కొంప ముంచింది.

బస్టాండు రోడ్డులో అద్దాల మేడలో పెద్ద హార్డ్‌వేర్ కొట్టు తెరిచాక మా అన్నకు నిద్ర పట్టడం మానేసింది. అక్కడ లారీల్లో వచ్చిన మిషన్ కొడవళ్ళు ప్లాస్టిక్ కవర్లలో వరసగా వేలాడేవి. ఆ కొట్టు మనిషి ఒకడు కారేసుకుని, స్వీటు డబ్బా పట్టుకుని ఆచారి దగ్గరికి కూడా పోయాడు. తమకు కూడా చెయ్యమని అడిగాడట. ఆచారి కాలుతున్న ఇనుము పట్టుకుని కారు దాకా తరిమాడు. స్వీటు డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది, అందులో సగం మాకు పంపాడు.

అయినా అన్న వినలేదు. "మనమూ మిషన్‌వే పెడదాం నాయనా. ఈ ముసలాయన్ను పట్టుకొని ఎన్నాళ్ళు ఏలాడతాం?" అన్నాడు.

నాయన త్రాసు తుడుస్తూనే చెప్పాడు. "వాని కాడుండేదే మన కాడుంటే, వాని ఏసీ ఇడిసిపెట్టి మన ఉక్కలోకి ఎవుడొస్తాడ్రా?"

అన్న మొహం మాడింది, నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీదికి తాళంకప్ప విసిరాడు. అది నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. మా ఇంట్లో ప్రేమలు ఇలాగే ఉంటాయి.

ఆ ఎండాకాలం కొలుపులు మొదలైన రోజుల్లో నేనూ నాయనా ఒక పెళ్ళికని గిద్దలూరు పోయాం. కొట్లో అన్న ఒక్కడే ఉన్నాడు. వెలిగండ్ల వైపు నుంచి కొందరు వచ్చి వేటకొడవలి అడిగారు. గోడ మీద ఒక్కటి కూడా మిగల్లేదు. లేకపోతే పెద్ద కొట్టుకు పోతామన్నారు వాళ్ళు. అన్నకు పౌరుషం పొడుచుకొచ్చి అటకెక్కి వెతికాడు. అక్కడ గోతంలో కొడవళ్ళు కనిపించాయి. అన్నిటి మీదా మూడు చుక్కలు. నాయన పెట్టి మర్చిపోయాడనుకుని, నిగనిగలాడేది ఒకటి ఏరి వాళ్ళ చేతిలో పెట్టాడు. మేం తిరిగొచ్చాక ఆ ముక్క చెప్పనైనా లేదు.

కొలుపుల్లో ఆ కొడవలి మొదటి వేటుకే విరిగింది. పోతు మెడ సగమే తెగింది. అది ఆ మెడతోనే జనం మధ్యకు పరుగెత్తి, ఆడవాళ్ళ చీరల నిండా రక్తం చిమ్మి, బోనాల కుండల మధ్య పడి కొట్టుకుందట. విరిగిన ముక్క ఎగిరి నరికేవాడి ముంజేతిని ఎముక కనబడేలా చీల్చింది. ఇదంతా మాకు తెలిసింది మర్నాడు పొద్దున, ట్రాక్టరు వచ్చి మా కొట్టు ముందు ఆగినప్పుడు.

దిగినవాళ్ళు నేరుగా కొట్లోకి దూరారు. ముందు గాజు బీరువా పగిలింది. మేకుల డబ్బాలు రోడ్డు మీదికి కుమ్మరించారు. "ఏందయ్యా ఇది, ఏం జరిగిందో చెప్పండి" అంటూ నాయన అడ్డం పోయాడు. ఒకడు ఆయన చొక్కా పట్టి గడప మీదుగా ఈడ్చి మేకుల్లో పడేశాడు. ముంజేతికి కట్టు కట్టుకున్న మనిషి ముందుకొచ్చి, విరిగిన కొడవలిని నాయన మొహం మీద పెట్టాడు.

"ఈ ముద్ర నీదేనా?"

"నాదే."

"చేసినోడెవుడు? యాడుంటాడు?"

నాయన అరచేతికి గుచ్చుకున్న మేకు పీక్కుంటున్నాడు.

"చెప్పు సెట్టీ. నీతో మాకు పన్లేదు. ఊరికి కీడు తెచ్చినోని చెయ్యి మొద్దు మీద పెట్టి నరకాల. చెప్పు!"

పెద్దారవీడు అని ఒక్క మాట అంటే చాలు, ట్రాక్టరు అటు తిరిగిపోయేది. నాయన ఆ కొడవలిని చూశాడు. అది అటక మీదిదని ఆయనకు చూడగానే తెలిసి ఉంటుంది. అన్న వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ ఆ మనిషి వైపు తిరిగాడు.

"ముద్ర నేను కొట్టినా. ముద్ర కొట్టినాక అది నాది, చేసినోనిది కాదు. కొట్టాల్నంటే నన్ను కొట్టండి."

కొట్టారు. మా కొట్లోని పార కర్రలతోనే కొట్టారు. వీపు మీద, మోకాళ్ళ మీద, తల మీద. ముద్ర కొట్టిన చెయ్యేదని అడిగాడు ఒకడు. ఈ పిచ్చి మనిషి కుడిచెయ్యి చాపాడు. దాన్ని గడప రాయి మీద తొక్కిపట్టి తూకం రాయితో దంచారు. నాయన అరవలేదు. అరిచింది నేను. చేతికి అందిన గడ్డపార తిప్పితే ఒకడి మోకాలిచిప్ప మీద పడింది, వాడు అక్కడే కూలాడు. ఇంకొకడు నా జుట్టు పట్టి వెనక్కి లాగాడు. వాడి చెయ్యి కొరికాను. నోరంతా రక్తం అయింది, గుడ్డు కూడా రాని ఇంటి పిల్లకు! అన్న గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు.

పోలీసులు వచ్చేసరికి ట్రాక్టరు లేదు. కేసు వద్దన్నాడు నాయన. కేసంటూ పెడితే కొడవలి చేసిందెవరని స్టేషన్లోనూ అడుగుతారు కదా.

ఆస్పత్రిలో చేతికి కట్టు వేశాక, అన్నను బయటికి పంపి నాయన నాకు అసలు సంగతి చెప్పాడు. ఆచారికి కళ్ళు మసకబారాయట. కొలిమిలో ఇనుము ఏ రంగుకు రాగానే తీసి నీళ్ళలో ముంచాలో ఆయన కంటితోనే చూస్తాడు. ఆ కంటికి పొర కమ్మింది. ఇనుము ఎక్కువ కాగిపోయి కొడవలి పెళుసుబారుతోంది. అది తెలిశాక నాయనకు సమ్మెట ఎత్తడానికి చెయ్యి రాలేదు.

"ఒకటి ఇరగ్గొడితే తిడతాడు. సగానికి సగం ఇరగ్గొడితే ఏమంటాడే? ఆడే కూలబడిపోడా?" అన్నాడు.

అందుకని కొలిమి దగ్గర మొద్దు మీద మెల్లగా వేసి, అన్నిటికీ ముద్ర కొట్టి తెచ్చేవాడు. ఇంటి వెనక మళ్ళీ గట్టిగా వేసి చూసి, నిలిచినవి గోడకు తగిలించి, నిలవనివి అటకెక్కించేవాడు. వాటిని అమ్మడానికి మనసొప్పదు, విరగ్గొట్టడానికి ముద్ర అడ్డం. అటక మీద గోతం అలా నిండింది.

"ఈ సంగతి ఆచారికి చెప్తే నా మీద ఒట్టే" అన్నాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా నాయనా? ఆయన కండ్లు కనపడటంలేదని ఆయనకు చెప్పకపోతే ఎవురికి చెప్తావు? అటకకు చెప్తావా?" అని అరిచాను. నర్సు వచ్చి నన్ను బయటికి నెట్టింది.

బయట అన్న బండి స్టార్టు చేసి ఉన్నాడు. "ఆ ముసలోని సంగతి తేల్చుకొనొస్తా" అన్నాడు. పొద్దున గోడకు అతుక్కున్నవాడికి ఇప్పుడు ఎక్కడలేని శౌర్యం వచ్చింది. వీణ్ణి ఒంటరిగా పంపకూడదని వెనక ఎక్కి కూర్చున్నాను. అలాగని తర్వాత ఇంట్లో చెప్పాను గానీ, నాకూ ఆచారి మీద మండుతూనే ఉంది.

ఆచారి కొలిమి ముందు ఇనుము సాగగొడుతున్నాడు. బండి స్టాండు వెయ్యకముందే అన్న ఉరికి ఆయన గొంతు పట్టుకున్నాడు. గోడకేసి నెట్టాడు, చెంప మీద కొట్టాడు, కడుపులో తన్నాడు. "నీ కొడవలి ఇరిగి మా నాయన చెయ్యి పోయింది!" అని అరుస్తూ కొట్టాడు. ఆచారి పడిపోయాడు. లేస్తూ లేస్తూ కొలిమిలోంచి పటకారుతో ఎర్రటి ఇనుము లాగి అన్న మొహం ముందు పెట్టాడు. కనుబొమలు కాలిన వాసన నా దాకా వచ్చింది.

"నా కొడవలి ఇరగదు" అన్నాడు ఆచారి. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. "ఇరిగేదైతే మీ నాయన ఈడనే ఇరగ్గొట్టి నా కాళ్ళ మీద ఏసేటోడు. ఏడాది పైనాయె, ఒక్కటి ఇరగ్గొట్టలే. అంత బాగ చేస్తన్నా. పోయి అడుగు మీ నాయన్ను."

అని నవ్వాడు. చిట్లిన పెదవితో గర్వంగా నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. నాయన వేయించిన ఒట్టును గట్టున పెట్టి, అటక మీది గోతం గురించి, మెల్లగా పడిన వేటు గురించి, కంటి మీది పొర గురించి, తూకం రాయి కింద నలిగిన వేళ్ళ గురించి అంతా ఆయన మొహానే చెప్పేశాను. చెప్పినందుకు నాకు ఇవాళ్టికీ బాధ లేదు.

పటకారు చేతిలోంచి జారిపోయింది. అన్న తన్నినా లేచి నిలబడిన మనిషి, దాగలి పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"పొండి. ఇద్దరూ పొండి ఈడనుంచి."

ఇద్దరం బండెక్కి ఇంటికి తిరిగాం. ఆచారి ఇక చెయ్యడు. ఆ గోడ మీద ఆ కొడవళ్ళు లేకపోతే మాది కూడా ఊళ్ళో ఉన్న మేకుల కొట్లలో ఇంకొకటి. అది అన్నకూ అప్పుడే అర్థమైనట్టుంది. ఇంటికి రాగానే రోడ్డు మీది మేకులన్నీ అయస్కాంతంతో ఏరుతూ కూర్చున్నాడు.

నాయన ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున, షట్టరు సగం లేపామో లేదో, ఆచారి గడప ముందు నిలబడి ఉన్నాడు. బస్సులో సమ్మెట భుజాన పెట్టుకుని వచ్చాడు. ఎవరికీ నమస్కారం లేదు, పలకరింపు లేదు.

"గోతం దింపు పాపా."

అటకెక్కి దింపాను. రోడ్డు మీద కుమ్మరించమంటే కుమ్మరించాను. పక్క కొట్లవాళ్ళు చేరారు. మెడకు వేలాడేసిన చెయ్యితో నాయన బయటికి వచ్చాడు. కొట్లో ఉన్న రైలు పట్టా ముక్కను ఆచారి నేల మీద వేసి, దాని మీద ఒక కొడవలి పెట్టి, సమ్మెటను నాయన కాళ్ళ ముందు పడేశాడు.

"ఇరగ్గొట్టు."

"చెయ్యి లేదు ఆచారీ."

"ఎడం చెయ్యుంది గదా. ఇరగ్గొట్టు."

"ముద్ర పడిందిరా దానికి..."

మాట పూర్తి కాకముందే ఆచారి నాయన చెంప ఛెళ్ళుమనిపించాడు. బజారంతా నిలబడిపోయింది. అన్న ఆయన మీదికి దూకబోతే నాయనే ఎడమచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఎన్నేండ్లు నా మొకానే ఇరగ్గొట్టినావు! ముక్కలు నా కాళ్ళ మీద ఏసినావు. ఒక్కనాడన్న కొలిమి ఆర్పినానా?" ఆచారి గొంతు పగిలిపోతోంది. "ఇప్పుడు నన్ను సచ్చినోళ్ళల్లో కలిపి, దొంగసాటుగా అటకెక్కిస్తావా? వాళ్ళు నా చెయ్యి నరకతామంటే నీ చెయ్యి పెట్టినావంట. ఎవుడు పెట్టమన్నాడు సెట్టీ నిన్ను? నేనడిగినానా?"

ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నాయన కూడా ఏడుస్తున్నాడు, ఎర్రబడిన చెంప తుడుచుకోకుండానే.

నాయన వంగి ఎడమచేత్తో సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బ పట్టా మీద పడి జారింది. తర్వాతిదీ తప్పింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ వేస్తే కొడవలి విరిగింది. ముద్ర ఉన్న ముక్క ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. ఆచారి దాన్ని తీసుకుని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. కనబడలేదు. బొటనవేలితో విరిగిన చోట రుద్ది చూశాడు. గరుకుగా, రవ్వరవ్వగా ఉందది. వేలు తెగి రక్తం వచ్చింది.

"మాడిపోయింది" అన్నాడు చిన్నగా. "ఇంకోటి పెట్టు."

గోతంలోవన్నీ అయ్యేదాకా నాయన కొట్టాడు. ఆగినప్పుడల్లా ఆచారి "కానీ" అన్నాడు. అయ్యాక రోడ్డంతా ముక్కలే. ఆచారి గడప మీద కూలబడి, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"కండ్ల డాక్టరు యాడుంటాడు?"

"ఒంగోల్లో ఉంటాడు. నేను తీసుకపోతా మావా" అన్నాడు మా అన్న, కనుబొమల్లేని మొహంతో. 

ఆపరేషన్ అయింది. నాయన కుడిచేతి వేళ్ళు మాత్రం తిన్నగా కాలేదు, అన్నం ముద్ద పట్టడానికే కష్టం. ఆచారి నుంచి మళ్ళీ సరుకు తయారైందని ఫోను వచ్చినప్పుడు, నాయన ముద్ర ఉలి ఉన్న సంచి నా భుజానికి తగిలించాడు. కొలిమి దాకా వచ్చాడు గానీ లోపలికి రాలేదు. బయట బండ మీద కూర్చుని, "నువ్వే చూడు పో" అన్నాడు.

ఒక్కోటీ తీసి తుమ్మ మొద్దు మీద నా బలమంతా పెట్టి వేశాను. అంచులు నిలిచాయి. ముద్ర కొడుతూ పోయాను, చెయ్యి నొప్పెట్టినా పట్టించుకోలేదు. చివరికొచ్చేసరికి ఒకదాని అంచు గోరంత రాలింది. గోరంతే. ఆచారి నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని నా మొహమే చూస్తున్నాడు. సంచిలోని ఉలి మీదికి పోయిన నా చెయ్యి అక్కడే ఆగింది.

"ఏంది పాపా, చూస్తన్నావు?" అన్నాడు.

కొడవలి దాగలి మీద పెట్టి సమ్మెట ఎత్తాను. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది. ముక్క తీసి ఆయన కాళ్ళ మీదికి విసిరాను.

ఆచారి దాన్ని తీసుకున్నాడు, వెలుగుకు పెట్టి విరిగిన చోట చూశాడు. నిప్పుల్లోకి తోసి నన్ను ఒక బూతు తిట్టాడు. పాపా అనలేదు. ఇన్నేళ్ళూ మా నాయన్ను తిట్టిన బూతే, అక్షరం మారకుండా తిట్టాడు.

బయట బండ మీద నాయన గట్టిగా నవ్వడం వినిపించింది.